చిప్పలంకలో గుల్లసున్నం

సోమవారం

చిప్పలంకలో చేతిపని పెట్టుకున్న ప్రతివాడూ ఏ రోజు ఏం చేశాడో రాసి ఉంచాలని దీవి ఆఫీసు వారి నియమం. రాస్తాను. అయితే ఒక సంగతి ముందే చెబుతున్నాను. కొల్లాబత్తుల జెకర్యా కలం పట్టుకుంటే అది సాక్ష్యం అవుతుంది గానీ రిపోర్టు అవదు.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. తాపీ మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తూ సిమెంటు బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ అక్షరాలతోనే బైబిలు వాక్యం చదువుకున్నాను. ఏ బిషప్పూ నా తలమీద చెయ్యి పెట్టలేదు. అయినా ప్రసంగానికి నోరు తెరిస్తే ఆగను, ఎవరూ ఆపలేదు. టార్పాలిన్ ముక్కతో అట్ట కుట్టుకున్న ఆ గ్రంథం, ఒక రంపం, ఒక సుత్తి, నాలుగు ఉలులు. మా లంకలన్నీ గోదావరితో సహా సముద్రంలో కలిసిపోయాక పడవ ఎక్కించిన నా ఆస్తి అంతే. నీ ఆస్తి ఏదమ్మా అని పడవవాడు అడిగితే నా భార్య సలోమి నన్ను చూపించింది. “బరువెక్కువ” అన్నాడు వాడు.

ఇక్కడ ఇల్లు కట్టరు, పెంచుతారు. ఆల్చిప్పలోని జీవాన్ని ఏదో మార్చి, సముద్రం మధ్య దానిచేత దీవే కట్టించారు. గట్లూ గోడలూ మెట్లూ అన్నీ బతికున్న చిప్పే. గోడకు బీట పడితే తెల్లారేసరికి పూడుకుంటుంది. నిన్న నా ఇంటి ముందు “అన్ని రకముల మరమ్మతులు చేయబడును” అని బోర్డు కొట్టాను. ఇవాళ చూస్తే మేకుల తలలు కనబడడం లేదు, గోడ మింగేసింది. కూలిన ప్రాకారం చుట్టూ తిరిగి, బీటలు చూసుకుని మళ్ళీ కట్టించిన నెహెమ్యాను తలుచుకుంటూ పడవ దిగినవాణ్ణి. బీటే లేని ప్రాకారం దగ్గర నెహెమ్యాకు ఏం పని?

“ఎవురూ చచ్చిపోని ఊళ్ళో శవాల పెట్టెలు చేసుకునేవోడిలా ఉన్నారండి మీరు” అంది సలోమి.

బుధవారం

మొదటి పిలుపు వచ్చింది. పిలిచినవాడు ఓలేటి పోలరాజు. గట్టు మీద కొబ్బరిచెట్లు గీసి కల్లు అమ్ముకుంటాడు. మా మందలోని గొర్రె కాదు, ఏ మందలోనూ కాదు. ఇంటి ముందు మెట్టు గుంటలు పడిందట.

వెళ్ళి చూశాను. ఆ మెట్టు మీదే వరసగా కల్లుకుండలు పెడుతున్నాడు. కుండ కారిన చోటల్లా చిప్ప కరిగిపోయి వేలు దిగేంత గుంటలు.

“దీవంతా దానంతటదే పూడుకుంటాది కదండీ. నా మెట్టొకటే ఇలాగ పిప్పిపన్నులా తయారైందేంటండి?” అన్నాడు.

“రాతిలాంటి చిప్పనే తినేస్తున్న ఈ ద్రవం నీ పేగుల్ని ఏం చేస్తుందో ఆలోచించావా పోలరాజూ?”

“పేగుల మీద కుండ పెట్టనండి, నోట్లో పోసుకుంటానంతే.”

ఆ మెట్టు నేను బాగుచెయ్యనని చెప్పేశాను. కుండలు తీసేస్తే అదే బాగవుతుందన్నాను. వెనక్కి తిరిగేటప్పుడు కాలికి తగిలి ఒక కుండ ఒలికింది. తగిలిందనే రాస్తున్నాను. తన్నానని పోలరాజు అంటాడు.

ఆదివారం, ఆరాధన తర్వాత

ఇవాళ నా నోటి మీద అగ్ని దిగింది. పోలరాజు మెట్టునే ప్రసంగం చేశాను. “చిప్పను కరిగించే విషం!” అని బల్ల గుద్దితే మందిరమంతా “ఆమేన్” అంది. క్రిస్మస్ పండుగ అయ్యేదాకా కల్లు ముట్టమని మగవాళ్ళు చేతులెత్తారు. చెయ్యెత్తని వాళ్ళ చేతులు పెళ్ళాలే ఎత్తించారు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. వాళ్ళ ముందు గంటా మార్తమ్మ పిన్ని. పల్లపు వీధిలో ఒంటరిగా ఉంటుంది. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. పండక్కి ఆవిడ చేసే అరిసెలు తినని ఇల్లు పాత లంకల్లో లేదు, ఇక్కడా ఉండబోదు.

“ఏం నాయనా, క్రిస్మస్ వొస్తంది. ఈ గోడలు సూడు, బూడిద పూసినట్టు. సున్నం ఎయ్యని ఇంట్లోకి ప్రభువునెలా పిలుస్తాం?”

నా గుండె గంతులేసింది. పండుగకు ఇంటికి సున్నం వేయడం మాకు తాతల నాటి ఆచారం. పడవ ఎక్కేటప్పుడు ఇల్లు పోయింది, చెట్టు పోయింది, సమాధులు పోయాయి. ఇదొక్కటీ ఎందుకు పోవాలి? పైగా ఇది పని! చిప్పలంకలో నాకు దొరికిన పని!

“మందిరంతో మొదలుపెట్టి ప్రతి ఇల్లూ నేనే వేస్తాను పిన్నీ” అన్నాను.

సలోమి ఇంటికొచ్చాక అంది: “ఈ బతికున్న గోడలకి సున్నం పడుద్దో లేదో ఆఫీసోళ్ళని అడగరా?”

“ఆఫీసు పడవ వచ్చేది వచ్చే నెల. ప్రభువు పుట్టినరోజు దానికోసం ఆగుతుందా?”

శుక్రవారం

వారమంతా ఒళ్ళు హూనమైంది గానీ మనసు తేలిగ్గా ఉంది. అలలు ఒడ్డుకు కొట్టిన చచ్చిన గుల్లలు ఏరి, కొబ్బరి మట్టలతో బట్టీ పెట్టి కాల్చాం. మా అయ్య కాల్చినట్టే. గుల్లసున్నం నీళ్ళలో కుతకుతా ఉడుకుతుంటే ఆ వాసనకు ముసలివాళ్ళు వచ్చి నిలబడిపోయారు. చిటికెడు నీలిమందు కలిపి, కొబ్బరిపీచు కుంచెలతో వేశాం.

మందిరం తెల్లగా మెరుస్తోంది. దీవి పళ్ళెంలా ఉంటుంది, చుట్టూ గట్టు, మధ్య పల్లం. కురిసిన వానంతా పల్లానికి చేరి, ఒకే ఒక తూము గుండా గట్టు కిందనుంచి సముద్రంలోకి పోతుంది. సరిగ్గా ఆ తూము మీదనే మందిరం. సున్నం కుండలూ కుంచెలూ తూము కాలువలోనే కడిగాం, కాలువ పాలు పారినట్టు పారింది.

పల్లపు వీధిలో మార్తమ్మ పిన్ని ఒక పూతతో తృప్తి పడలేదు. “ఇంకోటి ఎయ్యి. లోపల కూడా ఎయ్యి. మళ్ళీ ఇంకోటి” అంటూ తలుపు సందులు కూడా వదలకుండా వేయించింది.

పోలరాజు ఒక్కడే వద్దన్నాడు. “నాకు సున్నం పడదండి, సేతులు పొక్కుతాయి.” సాకు. వెలుగంటే గిట్టనివాడికి తెలుపు గిట్టదు.

మంగళవారం

నేను అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాడు దేవుడు! పొద్దుటినుంచి పిలుపే పిలుపు. ఒకరికి తలుపు బిగుసుకుపోయింది, ఒకరికి కిటికీ ఇరుకైంది, ఒకరికి గూట్లో పెట్టిన దీపం బయటికి రావడం లేదు. చిప్ప పెరిగి అంచులు ముందుకొచ్చాయి. ఉలితో చెక్కి, గరుకు రాయితో రుద్ది తెరుస్తున్నాను. చేపలిచ్చారు, కొబ్బరికాయలిచ్చారు, ఒకాయన బాతునిచ్చాడు.

బాతును కట్టేస్తూ సలోమి అడిగింది: “ఏవండీ, మిమ్మల్ని పిలిచినోళ్ళంతా ఎవురు?”

“విశ్వాసులు.”

“సున్నం ఏయించుకున్నోళ్ళు.”

“విశ్వాసులే కదా వేయించుకున్నారు.”

“అందుకే సెప్తన్నా” అంది.

నేను వినలేదు. ఆశీర్వాదం వచ్చినప్పుడు అనుమానం దాని వెనకాలే వస్తుంది, తలుపు తియ్యకూడదు అని ఆమెకు బోధించాను. ఎంత సేపు బోధించానో, అన్నం చల్లారిపోయింది.

గురువారం

మార్తమ్మ పిన్ని తలుపు మూసుకుపోయింది.

తలుపు చెక్క కనబడడమే లేదు. దాని మీదుగా రెండువైపుల నుంచీ చిప్ప వచ్చి కలుసుకుంది. నిన్న చెక్కి వచ్చిన తలుపే అది. కిటికీ ఉన్నచోట చెయ్యి పట్టే కంత మిగిలింది. ఆ కంతలోంచి పిన్ని గొంతు:

“నాయనా జెకర్యా, నీ పనికి గ్యారంటీ ఏవీ లేదా?”

“ఇప్పుడే తీస్తాను పిన్నీ.”

పెద్ద ఉలి తీసుకున్నాను. నేను ఒక చోట చెక్కి పక్కకు జరిగేసరికి చెక్కిన చోట తెల్లగా, తడిగా, కొత్త చిప్ప పొంగుతోంది. సుత్తితో బాదాను. మధ్యాహ్నానికి ఉలి మొన విరిగింది. తరవాత ఇంకో రెండు కూడా విరిగాయి. గోడ మూరెడు మందమైంది.

మంచినీళ్ళ కోసం పోలరాజు ఇంటికి వెళ్ళాను, దగ్గరగా ఉన్నది అదే. వాడి తలుపు గాలికి ఊగుతోంది. మొత్తం చిప్పలంకలో నేను ఉలి పెట్టని తలుపు అదొక్కటే. బూడిదరంగు గోడ, మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

గోడ అంటేనే గుల్ల, బతికున్న గుల్ల. మేము పెట్టింది గుల్లసున్నం. దాని ఎముకను కాల్చి, మెత్తగా చేసి, నీళ్ళు కలిపి దాని నోటికి అందించాం. అది తిని పెరిగింది. తప్పు దానిది కాదు.

నీళ్ళు తాగకుండా తూము దగ్గరికి పరిగెత్తాను. మనిషి పాక్కుంటూ దూరగలిగే తూము. ఇప్పుడు పిడికిలి కూడా పట్టదు. కాలువ అడుగంతా మేము కడిగిన సున్నం పేరుకుని, దానిమీద చిప్ప అరటిగెలలా గుత్తులు గుత్తులుగా లేచింది.

అప్పుడే గట్టు మీద ఆఫీసు వారు కట్టిన మైకులో చెప్పారు, వాయుగుండం ఇటే వస్తోందని. వాన పడితే దీవి పళ్ళెం నిండుతుంది. మొదట నిండేది పల్లపు వీధి. అందరూ గట్టు మీదికి వెళ్ళిపోవచ్చు, ఒక్క మనిషి తప్ప.

శుక్రవారం

ఇవాళ ఏం చేశానో రాయాలంటే చెయ్యి వెనక్కి పోతోంది. అయినా నియమం నియమమే.

చుట్టూ తిరిగి కేక వేస్తే కూలిన యెరికో గోడలు జ్ఞాపకం వచ్చాయి. ఉలితో పడని గోడ విశ్వాసంతో పడుతుందని సంఘాన్నంతా పోగుచేశాను. డప్పులు పట్టుకుని, పాటలు పాడుతూ, వాక్యంలో ఉన్నట్టే ఏడుసార్లు మార్తమ్మ పిన్ని ఇంటి చుట్టూ తిరిగాం. చివరి చుట్టులో గొంతు చించుకుని కేక వేశాం. కాకులు లేచాయి.

గోడ కదలలేదు.

కంతలోంచి పిన్ని అంది: “అయిపోయిందా? ఇంకా తిరుగుతారా? లోపల నాకు తల తిరుగుతంది.” కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడకూ రాలేదని తరవాతి మాటలో తెలిసింది. “నాయనా, సున్నం కొట్టిన సమాధులని ప్రసంగాల్లో అరుస్తావు గదా. అదెలాగుంటాదో అనుకునేదాన్ని. ఇలాగుంటాదా?”

జవాబు చెప్పడానికి గ్రంథం తెరిచాను. పేజీలు తిప్పాను. ఏ మాట చదివినా ఆ కంతలోంచి లోపలికి పోయేలా లేదు. మూసేశాను.

సాయంత్రం చినుకు మొదలైంది. సలోమి అన్నం వడ్డిస్తూ ఒక్క మాటే అంది. “పోలరాజు మెట్టు గురించి అంత గొప్పగా సెప్పారు. చిప్పని కరిగించే విషమని. అది ప్రసంగానికేనా, పనికి కూడానా?”

కంచం ముందు నుంచి లేచాను. కాళ్ళు మాత్రం పోలరాజు ఇంటివైపు కదలలేదు. పొద్దున్న వెళ్దామనుకున్నాను. దేవుడు పొమ్మన్న ఊరికి పోకుండా తర్షీషు పడవ ఎక్కిన యోనా కూడా ఇలాగే ఏదో ఒకటి అనుకుని ఉంటాడు.

శనివారం

తెల్లవారేసరికి కుండపోత వాన. పల్లపు వీధిలో మోకాటి లోతు. అందరూ గట్టెక్కారు. మూసుకున్న ఇంట్లో పిన్ని మంచం మీదికెక్కింది.

పోలరాజు గుమ్మంలో నిలబడ్డాను, తడిసిన కోడిలా.

“రండి రండి, బోధకుడుగారు” అన్నాడు. “ఇయ్యాల ఏ కుండ తంతారు?”

“నీ దగ్గర కల్లు ఎంతుంది?”

“తాగుతారా అండి?”

“తూము మూసుకుపోయింది. నీ మెట్టుని తిన్నది తూములో చిప్పని కూడా తింటుంది. ఎంతుంది?”

పెరట్లోకి తీసుకెళ్ళాడు. కుండల మీద కుండలు. మూత తీస్తే ముక్కుపుటాలు మండాయి, కళ్ళు నీళ్ళు కారాయి. “మీ ప్రసంగం దెబ్బకి ఒక్కడూ రాలేదండి. పారబొయ్యడానికి మనసొప్పక అలా ఉంచేశాను. పులిసి పులిసి ఎవుడూ తాగలేని సరుకైపోయింది. ఇదంతా మీదేనండి ఒక రకంగా.”

“నా తప్పు పోలరాజూ. కుండ కూడా తన్నినదే.”

“అది నాకు తెలుసండి. ఎత్తండి ముందు.”

సంఘాన్ని పిలిచాను. కల్లు ముట్టమని చేతులెత్తిన మగవాళ్ళంతా అవే చేతులతో కల్లుకుండలు నెత్తిన పెట్టుకుని వానలో నడిచారు. రెండు చేతులూ కావాలి గనుక గ్రంథాన్ని మందిరంలో, ప్రసంగ పీఠం పక్క గూట్లో, తడవకుండా పెట్టాను.

చిక్కు అక్కడ వచ్చింది. తూముకూ, పిన్ని తలుపుకూ రెండింటికీ సరిపోయే కల్లు లేదు. సగం సగం చేస్తే రెండూ తెరుచుకోవు. నేను తలుపు వైపే మొగ్గాను. నా చేతులతో మూసిన తలుపు అది. నడుము లోతు నీళ్ళలో కంత దగ్గరికి వెళ్ళాను.

“పిన్నీ, కల్లు తెచ్చాం. తలుపు మీద పోస్తున్నాం.”

“తూము తెరిశారా?”

“ముందు నువ్వు బయటికి రావాలి.”

“నేనొచ్చాక ఈ వీధేమవ్వాలి? రేపు వీళ్ళెక్కడ పడుకుంటారు, నీ మందిరంలోనా? ఎర్రోడా, తూము తెరిస్తే నీళ్ళు పోతాయి, నీళ్ళు పోతే నేను ములగను. తలుపు తెరిస్తే నేనొకదాన్నే బతుకుతాను. ఎల్లు.”

“తూము తెరుచుకోకపోతే?”

కంతలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. నా చొక్కా పట్టుకుని గట్టిగా ఊపింది. “తెరుసుకునేదాకా పొయ్యి. నిలబడి ప్రసంగాలు సెప్పకు.”

వెళ్ళాను.

గోనెపట్టాలు కల్లులో ముంచి తూము నోట్లోకి కుక్కాం. చిప్ప నురగ కక్కింది, బుసబుసమంది. మెత్తబడ్డ చోట పోలరాజు చెట్లు గీసే కత్తితో గీకాడు, నేను మిగిలిన ఉలితో పొడిచాను, మళ్ళీ కల్లు, మళ్ళీ కత్తి. నీళ్ళు నా గడ్డం దాకా వచ్చాయి. ఏ వాక్యమూ నోటికి రాలేదు. “పొయ్యి, పొయ్యి” అన్నదే నా ప్రార్థన. ఆఖరి కుండలు వంపుతుండగా లోపల ఎక్కడో గుటకేసిన చప్పుడైంది. ఆ తరవాత నీరు నా కాళ్ళను లాగింది. పోలరాజు నా జుట్టు పట్టుకోకపోతే చిప్పముక్కలతో పాటు నేనూ సముద్రంలోకి పోయేవాణ్ణి.

“బరువెక్కువండి బాబూ మీరు” అన్నాడు రొప్పుతూ.

పిన్ని ఇంటికి వచ్చేసరికి గోడ మీద తడి గుర్తు కంతకు జానెడు కింద ఆగి ఉంది. చెయ్యి లోపలికి పెట్టాను. చల్లటి వేళ్ళు పట్టుకున్నాయి.

“అరిసెల పిండంతా నీళ్ళపాలైంది” అంది పిన్ని. ఆ తరవాత ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను ఎప్పుడూ వినలేదు.

పండుగ రోజు

పొద్దున్నే మందిరానికి వెళ్ళాను, గ్రంథం తెచ్చుకుందామని. గూడు లేదు.

మేము అన్నిటికన్నా మొదట, అన్నిటికన్నా మందంగా సున్నం వేసిన గోడ అది. గూడు ఉన్నచోట నున్నగా, తెల్లగా, చిన్న బొడిపె. చెవి ఆనించాను. ఏం వినబడుతుందనుకున్నానో నాకే తెలియదు.

పోలరాజు ఒక కుండ పట్టుకుని వచ్చాడు. “నిన్న మూల కుండొకటి సూసుకోలేదండి. పూర్తిగా పులిసింది. మీ పుస్తకానికి సరిపోద్ది.”

సిమెంటు బస్తాల తర్వాత నేను చదివిన పుస్తకం అదొక్కటే. ఆదివారం అది చేతిలో లేకపోతే నేను ఎవరిని? గొంతు పెద్దదైన ఒక తాపీవాణ్ణి. కుండ అందుకుని బొడిపె ముందు నిలబడ్డాను. నిలబడ్డానని దాచకుండా రాస్తున్నాను. తరవాత ఆ కుండతోనే మెట్లు దిగి పల్లపు వీధికి నడిచాను.

కంత చుట్టూ కల్లు పోశాం. ఊరంతా వంతులు వేసుకుని గీకారు, ఆడవాళ్ళు అట్లకాడలతో సహా. మధ్యాహ్నానికి మనిషి పట్టే సందు అయింది. మామూలు మనిషి పట్టే సందు.

“తల వొచ్చింది, భుజాలొచ్చాయి” అంది సలోమి లాగుతూ. “పిన్నీ, ఊపిరి లోపలికి తీయి.”

“తీస్తే ఉబ్బుతాను కదే! ఒదలాలి” అని అరిచింది పిన్ని. చిప్ప అంచు గీరుకుని మోచేతులు రక్తం కారుతూ బురదలోకి వచ్చి పడింది. పడినచోటే కూర్చుంది. తన తెల్లటి ఇంటిని చాలాసేపు చూసింది.

“ఇందులోకి మళ్ళీ ఎల్లను. మట్టలూ, తడికెలూ తెచ్చి నాకు పాకెయ్యి నాయనా. గాలి దూరేలాగ. తలుపొద్దు.”

ఒప్పుకున్నాను. ఆరాధన అక్కడే, బురదలో జరిగింది. నన్ను మాట్లాడమన్నారు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాను. బీటలు వారిన గోడకు పైన తెల్లపూత పూసి అంతా క్షేమమే అన్నవాళ్ళ మీద మండిపడ్డ ప్రవక్త ఒకాయన ఉన్నాడు. ఆ భాగం ఎన్నోసార్లు చదివాను. ఎదుటివాళ్ళకే చదివాను. ఇవాళ మాత్రం, “ఈ గోడలకు సున్నం వేయమన్నది నేను. ఈ పూత కడిగేదాకా ఏ ఇంటి తలుపూ మనది కాదు. రేపటినుంచి కడుగుదాం” అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. తాను ఇచ్చిన బాతు ఏదని కూడా అడిగాడు.

అందరూ వెళ్ళాక పిన్ని అడిగింది: “పుస్తకమేదయ్యా? అది లేకుండా నిన్ను సూళ్ళేదెప్పుడూ.”

“మందిరం గోడలో.”

“మరి తియ్యవా?”

“ఇంకో కుండ పెడతానండి, వారంలో పులుస్తాది. అది పుస్తకానికే” అన్నాడు పోలరాజు.

వద్దన్నాను. ఆ కుండ కూడా తూముకే. తూము మళ్ళీ అప్పుడే అంచుల్లో తెల్లగా పొంగుతోంది, పొద్దున చూశాను. దాని తర్వాత కాలువ, కాలువ తర్వాత పల్లపు వీధి ఇళ్ళు, ఆ తర్వాత మందిరం.

చీకటి పడేలోగా కొంత పని అవుతుందని, మొన విరగని చివరి ఉలి, ఒక బక్కెట్టు సముద్రపు నీళ్ళు, పీచు తీసుకుని మందిరం వెనక్కి వెళ్ళాను. గూడు తూర్పు గోడలో ఉంది. నేను పడమటి మూల, తూము పైన, కడిగిన సున్నం అందులోకి పోకుండా గోనెపట్టా పరిచి, కింది వరస నుంచి కడగడం మొదలుపెట్టాను. సలోమి ఇంకో బక్కెట్టుతో వచ్చి నా పక్కన కూర్చుంది.